పటాన్‌చెరు ఎండలో మీ రాస్ప్‌బెర్రీ పై నిలబడుతుందా?

ఇవాళ ఒక్కటే ప్రశ్న. ఇంట్లో టేబుల్ మీద బాగా నడిచిన రాస్ప్‌బెర్రీ పై బోర్డు, మన పటాన్‌చెరులో ఏదో రేకుల షెడ్డులో, మే నెల మధ్యాహ్నం కూడా అలాగే నడుస్తుందా?

బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి ఎండలో మ్యాప్ చూస్తూ పోతే, కాసేపటికి ఫోన్ నత్తలా నడుస్తుంది కదా? ప్రాసెసర్ వేడి నుంచి తనను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. పై 4లో ఇది 80 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. 85 వస్తే ఇంకా గట్టిగా తగ్గిస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. 25 డిగ్రీల ఏసీ గదిలో ఫుల్ లోడ్ మీద చిప్ 65కి చేరిందనుకోండి. గది కన్నా 40 ఎక్కువ. అదే బోర్డు, అదే డబ్బా, అదే లోడ్ అయితే ఈ తేడా దాదాపు అంతే ఉంటుంది. షెడ్డులో 43 ఉంటే? చిప్ 83. గదిలో పాస్, షెడ్డులో ఫెయిల్!

"స్లో అయితే ఏమైంది, ఆగలేదు కదా" అంటారా? కన్వేయర్ మీద పోయే మందు సీసాలను కెమెరాతో లెక్కపెట్టే బోర్డు స్లో అయితే కొన్ని సీసాలు మిస్ అవుతాయి. సాయంత్రం లెక్క తేడా వస్తే అడిగేది బోర్డుని కాదు, షిఫ్టులో ఉన్న మనిషిని.

అందుకే టెస్ట్. స్ట్రెస్-ఎన్‌జి అనే ఫ్రీ టూల్ నాలుగు కోర్లకూ ఒకేసారి పని పెడుతుంది. దానికి వెరిఫై ఆప్షన్ తప్పకుండా పెట్టండి. అప్పుడు లెక్కలు సరిగ్గా వస్తున్నాయో లేదో కూడా చూస్తుంది. హ్యాంగ్ అయిన బోర్డు కంటికి కనిపిస్తుంది. తప్పు జవాబు ఇచ్చే బోర్డు కనిపించదు. అదే ఎక్కువ డేంజర్. మూత పెట్టిన డబ్బాలోనే కనీసం అరగంట నడపండి. 5 నిమిషాల్లో ఆపేస్తే డబ్బాలో గాలి ఇంకా వేడెక్కనే ఎక్కదు.

తర్వాత వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ కొట్టండి. 0ఎక్స్0 వస్తే, బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ఇబ్బంది ఏదీ రాలేదని. 0ఎక్స్50000 వస్తే, మధ్యలో వోల్టేజ్ పడింది, థ్రాట్లింగ్ కూడా జరిగిందని.

వోల్టేజ్ ఎందుకు పడుతుంది? చాలాసార్లు సన్న కేబుల్ వల్ల. కేబుల్ రెసిస్టెన్స్ 0.2 ఓమ్‌లు, కరెంట్ 2 ఆంపియర్లు అనుకుంటే దారిలోనే 0.4 వోల్టులు పోతాయి. 5లో మిగిలేది 4.6. సుమారు 4.63 కన్నా తగ్గితే పై వార్నింగ్ ఇస్తుంది. చేతిలో ఉన్న ఫోన్ ఛార్జర్ కాకుండా, ఆ బోర్డుకి చెప్పిన అడాప్టరే వాడండి. పై 4కి 3 ఆంపియర్లు, పై 5కి 5 ఆంపియర్లు.

వేడి సమస్య అయితే ముందు హీట్‌సింక్, తర్వాత ఫ్యాన్, డబ్బాకి గాలి రంధ్రాలు. ఒక్కొక్కటి మార్చి మళ్లీ అరగంట నడపండి. దేనివల్ల ఎంత తగ్గిందో అప్పుడే తెలుస్తుంది.

చివరి టెస్ట్ మాత్రం బోర్డు పెట్టబోయే చోటే, మధ్యాహ్నం 2 గంటలకి చేయండి. అక్కడ 0ఎక్స్0 వచ్చి, వెరిఫైలో తప్పు ఒక్కటీ రాకపోతేనే గోడకి బిగించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.