ఎరిగియుండి ప్రేమించుట

ఇంట్లో కష్టం కలిగినప్పుడు మనవాళ్ల నోట ముందుగా వచ్చే మాట "నుదుట వ్రాసి వున్నది, తప్పుతుందా?" అని. మతమేదైనా తెలుగు ఇండ్లలో ఈ మాట వినబడుతూనే వుంటుంది. క్రైస్తవ గృహాలలో అదే బాధ మరొక ప్రశ్నగా బయటికి వస్తుంది. "దేవునికి అన్నీ ముందే తెలుసును గదా! చెడిపోతాడని తెలిసీ మనిషిని ఎందుకు సృష్టించాడు? బ్రతకదని తెలిసీ ఈ బిడ్డను మాకెందుకు ఇచ్చాడు?" ఇది వాదానికి అడిగే ప్రశ్న కాదు, కడుపు మండి అడిగే ప్రశ్న. దీనికి తొందరపడి జవాబు చెప్పరాదు.

ముందుగా ఒక చిక్కు విడదీయవలసి వున్నది. ముందే తెలియుట వేరు, ముందే విధించుట వేరు. తరువాతి కాలంలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణానికి బిషప్పు అయిన అగస్టీను, నాలుగవ శతాబ్దపు చివర వ్రాసిన ఒక గ్రంథంలో దీనిని జ్ఞాపకశక్తితో పోల్చాడు. నిన్న జరిగినది మనకు నేడు జ్ఞాపకం వున్నది. అంతమాత్రాన మన జ్ఞాపకమే ఆ పని బలవంతాన జరిపించిందని ఎవరూ అనరు. అట్లే దేవుని ముందెరుక కూడ రేపటి పనిని మనచేత బలవంతాన చేయించదని ఆయన వాదం.

ఈ విచారాన్నే మరికొంత ముందుకు సాగించినవాడు బొయీతియస్. ఆయన 510లో రోములో కాన్సల్ పదవి వహించాడు. థియొడొరిక్ రాజు కొలువులో గొప్ప ఉద్యోగం చేశాడు. పిమ్మట రాజద్రోహం మోపబడి చెరసాల పాలై, 524 ప్రాంతంలో మరణశిక్ష పొందాడు. ఆ చెరలో కూర్చుండి వ్రాసిన పుస్తకంలో ఆయన చెప్పినది ఇది: దేవునికి నిన్న, నేడు, రేపు అనేవి విడివిడిగా లేవు, సర్వమూ ఆయన యెదుట ఒక్కసారే వున్నది. సూర్యుడు ఉదయించడం, ఒక మనిషి నడవడం మనం ఒకే చూపులో చూస్తాము. సూర్యుడు ఉదయించక తప్పదు. మనిషి మాత్రం తన యిష్టంకొద్దీ నడుస్తున్నాడు. మన చూపు అతని కాళ్లను నడిపించడం లేదు. తల మీద కత్తి వ్రేలాడుతుండగా ఇట్లా వ్రాసినవాని మాటకు బరువు వున్నది.

తర్కం మనలను ఇంతవరకే తీసుకొనిరాగలదు. బలవంతం లేదన్నారు, బాగున్నది. మరి ఇంత దుఃఖం వస్తుందని తెలిసీ సృష్టి ఎందుకు ప్రారంభించినట్లు?

ఇక్కడ క్రైస్తవ విశ్వాసం వాదం మాని, ఒక రాత్రి జరిగిన సంగతిని చూపుతుంది. యేసు తన శిష్యులతో చివరిసారి భోజనానికి కూర్చున్నాడు. తనను అప్పగించేవాడు ఎవడో ఆయనకు తెలుసునని యోహాను సువార్త చెబుతున్నది. అయినా తువాలు నడుముకు కట్టుకొని అందరి పాదాలూ కడిగాడు. అందులో ఆ ద్రోహి పాదాలు కూడ వున్నవి. కోడి కూయక ముందే తనను ఎరుగనని పేతురు ముమ్మారు బొంకుతాడని కూడ ఆయనకు తెలుసును. లూకా వ్రాసినదానిలో ఒక విశేషం వున్నది. పేతురు పడిపోతాడన్న మాటతో పాటు, అతని కోసం ముందే ప్రార్థించితినని, తిరిగి వచ్చిన పిమ్మట తోటివారిని స్థిరపరచవలెనని కూడ యేసు చెప్పాడు. అంటే ఆ ముందెరుకలో పతనం ఒక్కటే లేదు. తిరిగి రావడం కూడ వున్నది. పేతురును బొంకించినది అతని భయమే. ప్రభువు ఎరుక కాదు.

ఆ పేతురు పేరుతోనే వున్న మొదటి పత్రికలో, లోకానికి పునాది వేయక మునుపే క్రీస్తు తన బలి కోసం ఎరుగబడియున్నాడనే భావం కనిపిస్తుంది. సృష్టి చెడిపోయిన తరువాత తోచిన ఉపాయం కాదు సిలువ. కలుగబోయే నష్టమెంతో ముందే ఎరిగి, అది తానే భరిస్తానని నిశ్చయించుకొని సృష్టించాడని క్రైస్తవుల నమ్మకం.

ఎరిగి యిచ్చే ప్రేమ ఎట్లా వుంటుందో మనుష్యులలో కూడ చూడవచ్చు. 1941 జూలై చివర, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఒక ఖైదీ కనిపించలేదు. దానికి శిక్షగా పదిమందిని ఆకలితో చంపడానికి ఎంచారు. వారిలో గాయోవ్నిచెక్ అనే సైనికుడు తన భార్యను, బిడ్డలను తలచి ఏడ్చాడు. పోలెండు దేశపు సన్యాసి మాక్సిమిలియన్ కోల్బే ముందుకు వచ్చి, అతనికి బదులు తాను పోతానన్నాడు. ఏమి జరుగబోతున్నదో ఆయనకు బాగా తెలుసును. రెండు వారాల తరువాత కూడ ప్రాణం పోకపోవడంతో, ఆగస్టు 14న విషపు సూది వేసి చంపారు.

గాయోవ్నిచెక్ బ్రతికి వచ్చాడు. కాని ఏ బిడ్డల కోసం ఏడ్చాడో ఆ యిద్దరు కొడుకులూ 1945లో బాంబులకు బలియైపోయారు. అయితే కోల్బే త్యాగం వ్యర్థమా? గాయోవ్నిచెక్ అట్లా తలచలేదు. 1982లో రోములో కోల్బేను పునీతునిగా ప్రకటించినప్పుడు ఆయన అక్కడ వున్నాడు. 1995లో తన 93వ యేట కన్నుమూసేవరకు ఆ కథ చెబుతూనే వచ్చాడు. ప్రేమ విలువ దాని ఫలితాన్ని బట్టి కట్టేది కాదు.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఇదంతా సమాధానమని చెప్పబోను. "ఎందుకు?" అన్నదానికి సువార్తలలో సూటియైన జవాబు లేదు. సిలువ మీద యేసు కూడ అదే ప్రశ్న అడిగాడు. దుఃఖం తెచ్చినవాడని మనం అనుకొంటున్నవాడు ఆ దుఃఖంలోనే మన ప్రక్కన వున్నాడన్నంతవరకే విశ్వాసం చెప్పగలదు.

కనుక అట్టి యింటికి వెళ్లినప్పుడు "వ్రాసి వున్నది" అని చెప్పి లేచి రావద్దు. కాసేపు కూర్చోండి. పొయ్యి వెలగని ఆ యింటికి ఇంత అన్నం పంపండి. పాదాలు కడిగినవాని దారి అదే.