పనివాని వ్రేలిముద్ర

కోలారు జిల్లా శ్రీనివాసపురము తాలూకాలో, ఆంధ్రదేశపు సరిహద్దునకు చేరువగా, గౌనిపల్లి యను గ్రామము కలదు. ఆ ప్రాంతమున ఇంటను సంతయందును వినవచ్చునది తెలుగే. జిల్లాపేరు చెప్పినంతనే మనకు స్ఫురించునది మాత్రము బంగారుగని. పని చేయించువాడు చేయువానిని నమ్మవలెనా యను ప్రశ్నకు ఆ జిల్లా రెండు పర్యాయములు జవాబు చెప్పియున్నది.

జాన్ టెయిలర్ కంపెనీవారు 1880లో అచ్చట పని ప్రారంభించిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. శిలలు ప్రేలి మీదపడుట అచ్చట నిత్యభయము. అట్టి చోట పనివాని ప్రాణము ప్రక్కవాని జాగ్రత్తపై నాధారపడి యుండును. యజమాని లాభమును దానిపైననే. అయినను పైకివచ్చిన కూలివాని కెదురైనది సోదా! దొంగబంగారము లేకపోలేదు, కాదనుట న్యాయవాదికి తగదు. కాని నేరము రుజువగువరకు మనిషి నిర్దోషి యని కోర్టులో మేము వాదించు న్యాయము గనిద్వారముకడ తలక్రిందైనది.

1930లో కంపెనీవారు కూలీలందరి వ్రేలిముద్రలు తీసి నమోదుచేయ దలచిరి. ఆ కాలమున వ్రేలిముద్ర యనగా జ్ఞాపకము వచ్చునది పోలీసు ఠాణాయే గదా! గుర్తింపుపొందిన సంఘమైనను లేని ఆ జనము సమ్మె కట్టినది. కూలిడబ్బులకే కార్మికులు కదలుదురని తలంచువారు ఈ సమ్మెను గూర్చి తెలిసికొనవలెను.

తొంబదేండ్ల పిమ్మట, 2020 డిసెంబరు 12వ తేదీని, అదే జిల్లా నరసాపురములో ఆపిల్ ఫోనులు తయారుచేయు విస్ట్రాన్ కర్మాగారమున పనివారు వేతనములు సరిగా రాలేదని రేగి, అద్దములు పగులగొట్టి, యంత్రములు ధ్వంసము చేసిరి. ఆ ధ్వంసమును నేను సమర్థింపను. అయితే తరువాతి విచారణలో హాజరు లెక్కయే సరిగా నడువలేదని తేలినది. 1930లో పనివానిని లెక్కించుటకు వాని వ్రేలినే కోరిరి. 2020లో వాడు పనిచేసిన గంటలను లెక్కింపలేకపోయిరి. కొందరికి సకాలమున సక్రమముగా చెల్లింపలేదని కంపెనీ యొప్పుకొని, క్షమాపణ చెప్పి, భారతదేశ వ్యవహారములు చూచు ఉపాధ్యక్షుని తొలగించినది. లోపములు సవరించువరకు క్రొత్తపని ఈయమని ఆపిల్ వారనిరి.

క్షమాపణకు ముందు ఆ లెక్క సవరించుటకు ఎంత ఖర్చయ్యెడిది? ఒక గుమాస్తా, ఒక బల్ల, ఫిర్యాదు వినుటకు కొంత యోపిక. జీతములో కోత పడినదని నౌకరు చెప్పినప్పుడు, మొదట సొమ్ము చెల్లించి పిమ్మట లెక్క చూచుకొను కచేరీలు మన రాజధానిలో నెన్ని కలవో, వానిలో అధికారము నెరపుచున్న పాఠకులే చెప్పగలరు.