పన్నెండు పాయింట్ల కోసం

మా అమ్మాయికి పన్నెండు పాయింట్లు కావాలి. ఏ లెవెల్స్‌లో కాదు, సైకిల్ రేసుల్లో. ఇక్కడ బ్రిటన్‌లో రేస్ లైసెన్స్ తీసుకున్న కొత్తవాళ్లు నాలుగో కేటగిరీలో మొదలుపెడతారు. ముందు వరుసలో ముగించినవాళ్లకు పాయింట్లు ఇస్తారు. 12 కూడితే మూడో కేటగిరీ. అక్కడి నుంచి ఒక సీజన్‌లో 40 తెచ్చుకుంటే రెండు, 200 తెచ్చుకుంటే ఒకటి. పదిహేడేళ్ల మా పిల్ల ఖాతాలో ప్రస్తుతానికి ఏడున్నాయి.

మొన్న ఉగాది వేడుకలో ఒకాయన "ఒలింపిక్స్‌కా అండీ?" అని అడిగారు. కాదండీ, మూడో కేటగిరీకి అన్నాను. ఆయన పులిహోర వైపు తిరిగారు. ఆట అంటే మనకు రెండే లెక్కలు: సెలవుల్లో కాలక్షేపం, లేదంటే మెడలో పతకం. ఈ రెంటి మధ్య ఎంతమంది పిల్లలు పొద్దున్నే లేచి చెమటోడుస్తున్నారో మన కంటికి ఆనదు.

మేముండేది హౌన్స్‌లోలో. దగ్గరలోనే హేస్ పక్కన హిల్లింగ్‌డన్ సర్క్యూట్ ఉంది. కార్లు రాని, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల తారు బాట. తన రేసులు చాలావరకు అక్కడే. గంట మోగితే చివరి రౌండు అని అర్థం. అప్పటిదాకా ఎవరి వెనక నక్కి గాలి తప్పించుకున్నారు, ఏ మలుపులో ఎటువైపు ఉన్నారు అన్నదే సగం ఫలితం తేలుస్తుంది. కాళ్లలో బలమున్నా గుంపులో చోటు దక్కించుకోవడం రాకపోతే పదిహేనో స్థానమే. ఆ సంగతి మా అమ్మాయికి నాలుగైదు రేసులు నేర్పాయి.

వారంలో సాధన ఎనిమిది, తొమ్మిది గంటలు. సోమవారం పూర్తి విశ్రాంతి. మంగళవారం సాయంత్రం గరాజ్‌లో ట్రైనర్ మీద మూడేసి నిమిషాలు ఊపిరి ఆడనంత వేగం, మధ్యలో తేరుకోవడం, మొత్తం ఐదుసార్లు. డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి పడే ఊళ్లో గరాజే గతి. బుధవారం గంటసేపు నింపాదిగా. గురువారం ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు, కష్టంగానే, కానీ చచ్చేంత కాదు. శనివారం క్లబ్ వాళ్లతో సర్రే కొండలకు, 2012 ఒలింపిక్ రోడ్ రేసు జరిగిన బాక్స్ హిల్ దాకా. ఆదివారం రేసుంటే రేసు, లేకుంటే రిచ్‌మండ్ పార్కులో చుట్లు. ప్రతి నాలుగో వారం ఇదంతా సగానికి సగం తగ్గిపోతుంది. పని చేసేటప్పుడు కాదు, ఆ తర్వాత తిని పడుకున్నప్పుడే కండ బలపడుతుందని వాళ్ల కోచ్ చెబుతుంది. ట్యూషన్ మీద ట్యూషన్ పెట్టే మన ఇళ్లలో ఈ మాట మింగుడు పడటం కొంచెం కష్టమే.

సైకిల్‌కు పవర్ మీటర్ ఉంది. పెడల్ మీద పడే శక్తిని వాట్లలో చూపిస్తుంది. రోజంతా గ్రాఫులు చూసే ఉద్యోగం నాది, కాబట్టి ఈ గ్రాఫులూ చూడాలని చెయ్యి లాగుతుంది. తను ఆ యాప్ పాస్‌వర్డ్ నాకివ్వలేదు. "మార్కుల కార్డు ఒకటి చాలు నాన్నా" అంది. సబబుగానే ఉంది.

అసలు చెప్పాల్సింది ఆ అంకెల్లో ఒకదాని గురించి. కిలోకు ఎన్ని వాట్లు అన్నది ఎత్తు ఎక్కేటప్పుడు కీలకం. ఈ భాగాహారాన్ని పెంచడానికి రెండు దారులు: పైనున్న వాట్లు పెంచడం, కిందనున్న కిలోలు తగ్గించడం. మొదటిదానికి నెలలు పడుతుంది. రెండోది రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు, అన్నం మానేస్తే చాలు. ప్రమాదం అక్కడే. శ్రమకు తగినంత తినకపోతే శరీరం ఒక్కో పనీ ఆపుకుంటూ వస్తుంది. నెలసరి తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి, జలుబు వదలదు, వేగమూ పడిపోతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. మగపిల్లలకూ వస్తుంది. క్లబ్‌లో తూకం మాట ఎత్తకూడదని కోచ్ నియమం. మా ఇంట్లో బరువు చూసే మెషీన్‌ను అటక మీద పెట్టేశాం. నెలసరి సంగతి నాన్న దగ్గర మాట్లాడే అలవాటు మన ఇళ్లలో తక్కువ. మా ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గరే ఎత్తింది, నేనక్కడే కూర్చున్నాను. ఇప్పుడు అది కూడా మోకాలి నొప్పిలాగా మామూలు కబురైంది.

మేం శాకాహారులం, అందుకని జీపీ ద్వారా ఐరన్ పరీక్ష చేయిస్తాం. పప్పులోకి నిమ్మకాయ పిండటం, భోజనం కాగానే టీ తాగకపోవడం ఐరన్ ఒంటబట్టడానికి పనికొస్తాయి. పొడుగు రైడ్‌లో గంటకు 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. జెల్‌లు కొనేబదులు మా ఆవిడ పులిహోరను గట్టిగా ఒత్తి, ముక్కలుగా కోసి, ఫాయిల్‌లో చుట్టి ఇస్తుంది. ప్రొఫెషనల్ జట్లలోనూ ఇలా బియ్యంతో చేసిన ముక్కలు తింటారని తెలిశాక మా అమ్మాయికి సిగ్గు పోయింది. ఇప్పుడు క్లబ్‌లో సగం మంది అడిగి తీసుకుంటారు.

కిందటి వేసవిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద సాధన సాగింది. నార్సింగి నుంచి కొల్లూరు వైపు, పొద్దున ఐదున్నరకు. ఎండా వానా తగలని ఆ బాట లండన్‌లో నాకెక్కడా కనిపించలేదు. ఇంటికి రాగానే మాత్రం అమ్మమ్మ వరుస: "నల్లబడిపోయింది, చిక్కిపోయింది, ఆడపిల్లకు ఈ పిక్కలేమిటే?" ఒకే వాక్యంలో చిక్కడమూ, పిక్కలు పెరగడమూ! పిల్ల నవ్వి మూడో దోసె అడిగింది. అమ్మమ్మ ఆపైన ఏమీ అనలేదు.

భయం లేదని చెప్పను. 30 మైళ్ల వేగంలోపు కారు సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలని 2022 నుంచి హైవే కోడ్ చెబుతోంది. అందరూ చదివినట్టు లేదు. అందుకే ఒంటరిగా రోడ్డెక్కడం పగటిపూటే, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసుకునే. శనివారం తను తిరిగొచ్చి గరాజ్ తలుపు ఎత్తిన చప్పుడు వినేదాకా నేను ఏ పనీ సరిగ్గా చేయను.

2027 మహిళల టూర్ ద ఫ్రాన్స్ లీడ్స్‌లో మొదలవుతుందని ప్రకటించినప్పటి నుంచి చూడ్డానికి వెళ్లాలని పట్టు. మారిషస్ అమ్మాయి కిమ్ లె కోర్ట్ 2025లో ఆ రేసులో పసుపు జెర్సీ వేసుకున్న ఫొటో గరాజ్ గోడ మీద ఉంది. దాని కింద స్టిక్కీ నోట్ మీద రాసుకున్న లక్ష్యాలు రెండే. ఒకటి, సెప్టెంబర్‌లోపు మిగతా ఐదు పాయింట్లు. రెండోది, చివరి రౌండులో గంట మోగేటప్పుడు మొదటి పదిమందిలో ఉండటం. ఎందుకు, గెలవాలని రాయొచ్చుగా అన్నాను. "గెలవడం నా ఒక్కదాని చేతుల్లో లేదు నాన్నా, అక్కడ ఉండటం ఉంది" అంది. వచ్చే ఆదివారం మళ్లీ హిల్లింగ్‌డన్‌లో రేసు. ఉదయం తొమ్మిదికల్లా అక్కడుండాలి, పులిహోర రాత్రే కలిపి పెట్టుకోవాలి.