దారి చూపు కళ్లజోడు

పెద్ద యంత్రమును బాగుచేయు పనివాని చెంత మనము కొంతసేపు నిలిచి చూచినచో ఒక విషయము తెలియును. ఆతని చేతులకంటె కన్నులకే శ్రమ యెక్కువ. ప్రక్కన తెరచియున్న పుస్తకములోని పటమును చూచును. తల త్రిప్పి యంత్రమును చూచును. ఒకే పోలికగల పది బోల్టులలో పటములోనిది ఏదియో తేల్చుకొనలేక తిరిగి పుస్తకమునే చూచును. ఇంటిలోని రేడియో వెనుక మూత తీసి చూచినవారికి ఈ చిక్కు కొంత అనుభవమే.

ఆ పటమే వచ్చి యంత్రముపై నిలిచినచో ఎట్లుండును? ఈ ఊహకు రూపమే 'ఆగ్మెంటెడ్ రియాలిటీ'. కంటికి కనబడు వస్తువునకు, కావలసిన సమాచారమును జోడించి చూపుట యని దీని భావము. పనివాడు ధరించిన కళ్లజోడులోని కెమెరా యంత్రమును గుర్తించును. ఆతని తల ఏ వైపునకు తిరిగియున్నదో, ఎంత దూరమున నున్నదో కంప్యూటరు క్షణక్షణము లెక్కగట్టి, విప్పవలసిన బోల్టు చుట్టును వెలుగుగీతను, త్రిప్పవలసిన దిక్కునకు బాణపు గుర్తును చూపును. తల కదలినను గుర్తు బోల్టును విడువరాదు. ఇందలి కష్టమంతయు అదియే.

ఈ ప్రయత్నము నిన్న మొన్నటిది కాదు. 1992లో అమెరికాలోని బోయింగ్ సంస్థకు చెందిన టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ అను వారు విమానములలోని తీగల కట్టలను కూర్చు పనికై ఇట్టి సాధనమును వివరించిరి. 1993లో కొలంబియా విశ్వవిద్యాలయమున స్టీవెన్ ఫైనర్ బృందము లేజర్ ప్రింటరును సవరించుటకు దారిచూపు పరికరమును వెల్లడించినది. ఆంగ్లపదముల తొలి అక్షరములను కూర్చి దానికి వారు పెట్టిన పేరు 'కర్మ'!

2009లో అదే విశ్వవిద్యాలయమువారు ఒక సైనిక శకటపు ఇరుకైన తుపాకి గోపురములో ఆరుగురు మెకానిక్కులచే 18 పనులు చేయించి పరీక్షించిరి. చేయవలసిన చోటును కనుగొనుటకు, కంప్యూటరు తెరను చూచి వెదకినప్పటికంటె ఈ కళ్లజోడుతో సుమారు సగము కాలమే పట్టినది. కాని పని పూర్తిచేయుటకు పట్టిన కాలములో చెప్పదగిన లాభము కనబడలేదు. అనగా వెదకుట తగ్గినది. చేతిపని చేతిపనిగానే మిగిలినది.

ఇచట నొక హెచ్చరిక అవసరము. పుస్తకములోని పటమును మనము సందేహించి సరిచూచుకొందుము. కంటి యెదుట వెలుగు గీతను వెంటనే నమ్ముదుము. ఆ గీత వ్రేలి వెడల్పు ప్రక్కకు జరిగినను తప్పు బోల్టు విప్పబడును. విద్యుత్తు ప్రవహించు చోట అట్టి పొరపాటు ప్రాణాపాయమే కావచ్చును. కావున ముందుగా విద్యుత్తును ఆపి, ఆగినదని సరిచూచుకొనుట, బిగువును చేతితో ఎరుగుట, వింత చప్పుడును చెవితో పట్టుట మొదలగు పాత విద్యలను క్రొత్తవాడు నేర్వక తప్పదు. కళ్లజోడు చోటును చూపగలదు. అచట చేయి పెట్టవచ్చునా యను నిర్ణయము పనివానిదే.