గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ – ఏ వైరస్‌తో ఎంత ప్రమాదం?



"పిల్లలు చాలనుకున్నాం, ఆపరేషన్ అయిపోయింది. ఇంక మాకు ఆసుపత్రితో పనేముంది?" అని చాలామంది అక్కచెల్లెళ్లు అంటుంటారు. ఆ ఆపరేషన్‌లో మూసివేసేది అండనాళాలను మాత్రమే. గర్భసంచి ముఖద్వారం అలాగే ఉంటుంది. దానికి క్యాన్సర్ వచ్చే అవకాశమూ అలాగే ఉంటుంది. మన దేశంలో 2022లో సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వచ్చిందని అంచనా.

ఎందువల్ల వస్తుంది?

హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల. ఇది భార్యాభర్తల కలయికలో ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. ఏళ్ల తరబడి పైకి తెలియకుండా కూడా ఉండవచ్చు. కనుక పరీక్షలో వైరస్ కనబడితే ఒకరినొకరు అనుమానించుకోకండి.

అన్ని రకాలూ ఒకటి కావు

చేలో కలుపు చూడండి. కొంత చేత్తో లాగితే వచ్చేస్తుంది. తుంగ మాత్రం గడ్డ లోపల ఉండి మళ్లీ మొలుస్తుంది. ఈ వైరస్‌లోనూ 200కు పైగా రకాలున్నాయి. 6, 11 రకాలు పులిపిర్లు పుట్టిస్తాయి, క్యాన్సర్‌కు దారితీయడం చాలా అరుదు. 16, 18 రకాలు అలా కాదు. అవి పోకుండా నిలిచిపోతే, కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రొటీన్లను పనిచేయనివ్వవు. ముఖద్వార క్యాన్సర్లలో నూటికి 70 ఈ రెండు రకాల వల్లనే. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983, 1984లలో వీటిని కనిపెట్టింది.

16వ రకం ఎక్కువగా ముఖద్వారం పైపొరలో మార్పు తెస్తుంది. అది పరీక్షలో కంటికి ఆనుతుంది. 18వ రకం లోపలి గ్రంథి కణాలలో కూడా తరచుగా కణితి పుట్టిస్తుంది. అది లోపల దాగి ఉండి ఒక్కోసారి పరీక్షకు అందదు. అందుకే ఒక్కసారి "బాగుంది" అన్నారని మానెయ్యకూడదు.

మనం చేయవలసింది

వైరస్ సోకిన తర్వాత క్యాన్సర్ రావడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. అంటే మనకు కావలసినంత వ్యవధి ఉంది.

- 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ అయిదేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. వెనిగర్ లాంటి పలుచని మందు పూస్తే తేడా ఉన్నచోటు తెల్లబడుతుంది. కొద్ది నిమిషాల పని, కోత ఉండదు.
- తొలి మార్పులను చల్లదనంతోనో వేడితోనో తొలగిస్తారు. చాలామందికి గర్భసంచి తీయవలసిన పనే ఉండదు.
- కలయిక తర్వాత రక్తం కనబడినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం పోయినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఆలస్యం చేయకండి. కణితి ముదిరాక వైద్యం దాని వ్యాప్తిని బట్టే ఉంటుంది, వైరస్ రకాన్ని బట్టి కాదు.
- 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించండి. 16, 18 రకాలు సోకకుండా కాపాడుతుంది. ఉన్న వైరస్‌ను మాత్రం పోగొట్టదు. టీకా వేయించుకున్నవారికీ పెద్దయ్యాక పరీక్ష అవసరమే.
- నిరోధ్ వాడితే సోకే అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అన్నలారా! సిగ్గుపడి ఇంట్లో కూర్చునే భార్యను మీరే వెంటబెట్టుకొని ఆరోగ్య కేంద్రానికి తీసుకురండి.

జబ్బు రాకముందే పరీక్ష – ఇంటిల్లిపాదికీ రక్ష!