మోకాలున్న తీగ

బొచ్చుకుక్కల కోసం అమ్మే స్లిక్కర్ బ్రష్‌ను ఒకసారి వెలుతురులో పెట్టి, పక్క నుంచి చూడండి. చదరపు పలక, దాని మీద మెత్తని రబ్బరు దిండు, దిండు నిండా వందల కొద్దీ సన్నని ఉక్కు తీగలు. ప్రతి తీగా కొంత ఎత్తు లేచి, అక్కడ మోకాలు మడిచినట్టు వంగి ముందుకు వాలుతుంది. కొనేవాళ్లు పిడి రంగు చూస్తారు, పేరు చూస్తారు, ధర చూస్తారు. బ్రష్ పనితనమంతా ఆ వంపులో ఉంది. ఆ వంపు పుట్టింది కుక్కల కోసం కాదు, దూది కోసం, గొర్రె ఉన్ని కోసం.

నూలు వడకాలంటే ముందు దూది ఏకాలి. ఉండలు కట్టిన పోగులను విడదీసి, చెత్త రాల్చి, అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పాలి. మన దూదేకులవారు ఇందులో పోగులు విడదీసి చెత్త రాల్చే పనిని వింటినారి అదురుతో సాధించారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు చేసేవారి పద్ధతి ఇంకా అపురూపం. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. ఆ దవడ నిండా లోపలికి వంగిన సన్నని పళ్లుంటాయి. పోగును తెంపకుండా పట్టుకుని, కాస్త లాగి, వదిలేసే పళ్లవి. పొందూరు నూలు సన్నదనం వెనుక ఈ ఓపికైన దువ్వుడు కూడా ఉంది. యూరప్‌లో ఇదే పనికి రెండు చెక్క పలకలు వాడేవారు. పలకలకు తోలు అతికి, తోలులో తీగ పళ్లు గుచ్చి, మధ్యలో ఉన్ని పెట్టి ఒకదాని మీద ఒకటి లాగేవారు.

1748లో ఇంగ్లండ్‌లో లూయిస్ పాల్, డేనియల్ బోర్న్ వేర్వేరుగా ఏకుడు యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నారు. ఆ తర్వాత రిచర్డ్ ఆర్క్‌రైట్ నూలు మిల్లులు వచ్చాయి. ఏకే పనిని యంత్రం అందుకుంది కానీ, యంత్రానికి తొడిగే పళ్లపట్టీ మాత్రం చేతితోనే తయారయ్యేది. తోలుకు కన్నం పొడిచి, తీగను వంచి, గుచ్చి, మళ్లీ వంచాలి. ఈ పనిలో ఆడవాళ్ల, పిల్లల వేళ్లు అరిగిపోయాయి. ఆ చాకిరీని తప్పించిన మనిషి అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన అమోస్ విట్టెమోర్. 1797లో ఆయన పేటెంట్ పొందిన యంత్రం తోలుకు కన్నం చేసి, తీగను కత్తిరించి, వంచి, గుచ్చి, మోకాలు తీర్చడం దాకా అన్నీ తానే చేసేది. ఆవిరి యంత్రం గురించి బడిలో చదువుకుంటాం, దీని గురించి చదవం. నాకైతే ఇది ఆ కాలపు అత్యంత తెలివైన యంత్రాల్లో ఒకటి. దాన్ని 1811లో జోసెఫ్ డయ్యర్ ఇంగ్లండ్‌కు తెచ్చాడు. 1830లలో జేమ్స్ వాల్టన్ పళ్లపట్టీలోకి రబ్బరును తీసుకొచ్చాడు. ఆ రబ్బరు పట్టీని ముక్క కోసి చెక్కపిడికి బిగిస్తే, ఇవాళ కుక్కను దువ్వుతున్న బ్రష్ దాదాపు సిద్ధమైనట్టే.

ఇంతకీ మోకాలు ఎందుకు? ముందుకు వాలిన తిన్నని తీగను ఊహించుకోండి. పోగు తగిలి దాన్ని వెనక్కి లాగితే తీగ నిటారవుతుంది, కొన పైకి లేస్తుంది. ఏకుడు యంత్రంలో ఎదురెదురు పళ్ల మధ్య ఎడం మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుంది, అంతే. కొన ఆ మాత్రం లేచినా ఎదుటి పళ్లను రాసుకుంటుంది. అందుకని తీగ కింది భాగాన్ని వెనక్కి వాల్చి, పై భాగాన్ని ముందుకు వంచి, కొన సరిగ్గా మొదలుకు ఎగువన ఉండేలా చూశారు. ఇప్పుడు తీగ ఎంత వెనక్కి వంగినా కొన పైకి లేవదు. పోగు మొండికేస్తే తీగ లొంగిపోతుంది, పట్టు సడలిపోతుంది. యంత్రంలో పోగును కాపాడిన ఈ ఏర్పాటే కుక్క మీద చర్మాన్నీ వెంట్రుకనూ కాపాడుతుంది. కింద దిండు కూడా నొక్కుకుపోతుంది కాబట్టి చేతి బరువు మొత్తం కొన మీద పడదు.

దిండుకు ఇంకో వంశం కూడా ఉంది. యార్క్‌షైర్ మనిషి మేసన్ పియర్సన్ 1885లో రబ్బరు దిండు మీద కుచ్చులు నిలిపిన తలబ్రష్ తయారుచేశాడు. కుక్కల పిన్ బ్రష్‌ది ఆ పోలికే. పిన్నులు తిన్నగా, ఎడంగా ఉంటాయి. చిక్కులేని పొడవాటి జుట్టును రోజూ సవరించడానికి హాయిగా పనికొస్తుంది. జడలు కట్టిన చోట మాత్రం పైపైన జారిపోతుంది.

జడలు ఎందుకు కడతాయో తెలిస్తే బ్రష్ ఎంపిక సులువవుతుంది. వెంట్రుక పైపొర నునుపుగా ఉండదు. ఇంటి కప్పు మీద పెంకుల్లాగా సన్నని పొలుసులు మొదలు నుంచి కొన వైపు పరుచుకుని ఉంటాయి. మొదలు నుంచి కొనకు వేలు జారినంత తేలిగ్గా కొన నుంచి మొదలుకు జారదు. అందువల్ల వెంట్రుకలు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడల్లా ఒకే దిక్కుకు జరుగుతాయి, తిరిగి వెనక్కి రావు. జరిగిన కొద్దీ ముడి బిగుస్తుంది. తడి తగిలితే వెంట్రుక ఉబ్బి ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. ఉన్నిని తడిపి, రుద్ది దళసరి ఫెల్ట్ చేసే విద్య ఇదే. చెవుల వెనుక, చంకల్లో, పట్టెడ కింద, వెనక తొడల మీద కుక్క తనకు తెలియకుండానే ఆ ఫెల్ట్ తయారుచేస్తుంటుంది. మన వీధుల్లో పమేరియన్ అని పిలుచుకునే స్పిట్జ్‌కు పైన బిరుసు బొచ్చు, లోపల దట్టమైన నూగు ఉంటాయి. ఊడిన నూగు బయటికి రాలేక పై బొచ్చులో ఇరుక్కుని జడకు పునాది వేస్తుంది. కాబట్టి స్నానానికి ముందే చిక్కు తీయాలి. చిక్కుల మీద నీళ్లు పోసి, తువ్వాలుతో గట్టిగా తుడిస్తే జడను చేజేతులా బిగించినట్టే.

దుకాణంలో చూడాల్సినవి కొన్నే. తీగలను బొటనవేలితో వెనక్కి నొక్కితే తేలిగ్గా వంగి వెంటనే తిరిగి నిలవాలి. దిండు నొక్కుకుని పైకి రావాలి. ముంజేతి లోపలి వైపు మెల్లగా గీసుకుంటే చక్కిలిగింత పెట్టాలి, గీరకూడదు. ఈ మూడూ ఉన్న రెండు మూడు వందల రూపాయల బ్రష్ నా దృష్టిలో మంచి బ్రష్. కొనల మీద ప్లాస్టిక్ పూసలున్న రకం చర్మానికి మెత్తనే గానీ, పూస జడలోకి దిగదు. దిగినా ఇరుక్కుని వెంట్రుకను తెంపుతుంది. బటన్ నొక్కితే బొచ్చు రాలిపోయే సదుపాయానికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు, తీగల వాలు దిక్కున దువ్వెనతో తోస్తే బొచ్చు దానంతటదే ఊడి వస్తుంది. ఆ మిగిలిన డబ్బుతో ఒక ఉక్కు దువ్వెన కొనండి. సగం ఎడం పళ్లు, సగం దగ్గర పళ్లు ఉన్నది. బ్రష్ పని అయ్యాక ఆ దువ్వెన చర్మం దాకా ఆగకుండా వెళ్తేనే చిక్కు పోయినట్టు. పైపైన దువ్వి మురిసిపోయే ఇళ్లలో కుక్కకు లోపల జడ అలాగే ఉంటుంది. పళ్లున్న బ్లేడు పనిముట్లు షిట్జు, లాసా లాంటి కుక్కల ఎప్పుడూ పెరిగే జుట్టుకు వద్దు, అవి మంచి జుట్టును కూడా కోసేస్తాయి. కత్తెర అసలే వద్దు. జడతో పాటు చర్మం కూడా పైకి లేస్తుంది, ఆ రెండింటి హద్దు కంటికి కనిపించదు.

ఇక చిక్కు విడదీసే స్ప్రేలు. వెంట్రుక పైపొర మీద రుణావేశం ఉంటుంది, అరిగిన చోట మరీ ఎక్కువ. ఈ స్ప్రేలలో ఉండే కండిషనర్‌ అణువుల తలది ధనావేశం కాబట్టి సరిగ్గా అక్కడికే వెళ్లి అతుక్కుంటుంది. వాటి కొవ్వు తోక బయటికి తిరిగి రాపిడిని తగ్గిస్తుంది. ఖరీదైన స్ప్రేలలో సిలికోన్లు కూడా ఉంటాయి, అవి పలుచని పొరగా పరుచుకుంటాయి. ఈ సూత్రం తెలిసినవాళ్లకు, కుక్కల కండిషనర్ కొద్దిగా నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పోసుకున్నా రోజువారీ పని జరిగిపోతుంది. పొడిజడకు చిటికెడు కార్న్‌ఫ్లోర్ రుద్ది వేళ్లతో విడదీయడం అంతకన్నా చవక. మనుషుల కండిషనర్లు వాడకపోవడమే మేలు. కుక్క చర్మం మనదానిలా ఆమ్లం వైపు ఉండదు, పైగా ఒంటికి రాసింది నాకకుండా వదలదు. టీ ట్రీ ఆయిల్ ఉన్న సీసాను ముట్టుకోవద్దు, అది కుక్కలకు విషం.

దువ్వేటప్పుడు ఒక చేత్తో జుట్టు మొదలును పట్టుకుని, కొన దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా లోపలికి రండి. ఒకే చోట పదేపదే లాగితే మంచి బ్రష్ కూడా చర్మాన్ని ఎర్రబరుస్తుంది.

గుంటూరు చుట్టుపక్కల నూలు మిల్లుల్లాంటి చోట్ల ఏకుడు యంత్రాల పెద్ద సిలిండర్ల మీద ఇప్పుడు రంపపు పళ్ల గట్టి తీగ నడుస్తోంది. దాని పని వేగం ఎక్కువ, ఎంత పనిచేసినా వంగదు. లొంగే తీగ ఆ సిలిండర్ల మీదినుంచి దిగిపోయింది. కుక్క ఒంటి మీద మాత్రం లొంగే తీగే కావాలి. తీగలు దిండులోకి కుంగిపోయినా, మోకాళ్లు చాపుకుని తిన్నగా నిలబడినా ఆ బ్రష్‌ను పారేసి అలాంటిదే ఇంకొకటి కొనుక్కోండి.