అక్షరం కూడు పెడుతుందా?

రాయడం వస్తే చాలదు, లెక్క అడగడమూ రావాలంటోంది భారతీయ భాషల రచయితల అనుభవం

వినోద్ కుమార్ శుక్లా 2022 మార్చిలో రాయపూర్‌లోని తన ఇంట్లో కూర్చుని వేసిన ఓ ప్రశ్న హిందీ సాహిత్య లోకాన్ని కుదిపేసింది. ఆయన వయసు అప్పటికి 85. 'నౌకర్ కీ కమీజ్' నవల మణి కౌల్ చేతిలో సినిమా అయింది. 'దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ'కి 1999లో సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. అయినా దశాబ్దాలుగా అమ్ముడవుతున్న పుస్తకాలకు రాయల్టీ ఏడాదికి కొన్ని వేలే వస్తోందని, పుస్తకాలు వెనక్కిమ్మన్నా ఇవ్వడం లేదని ఆయన వాపోయారు. ప్రచురణకర్తలు తమ వాదన తాము వినిపించారు.

మూడున్నరేళ్లు తిరిగేసరికి కథ మారింది. 2025 సెప్టెంబరులో అదే రాయపూర్‌లో మరో ప్రచురణ సంస్థ ఆయనకు రూ. 30 లక్షల రాయల్టీ చెక్కు అందజేసింది. అందులో సింహభాగం 'దీవార్ మే...' నవలదే. ఈ మధ్యలో 2023లో పెన్/నబొకోవ్ పురస్కారం, 2025లో జ్ఞానపీఠ్ ప్రకటన గిరాకీని పెంచిన మాట నిజమే. కానీ నవల మాత్రం పాతదే. కొత్త తరానికి దాన్ని చేరవేసిన తీరు, అమ్మిన ప్రతులకు చూపిన లెక్క కొత్తవి. అదే ఏడాది డిసెంబరులో శుక్లా కన్నుమూశారు.

ఇన్నేళ్లూ ఆయన ఇంటిని నడిపింది కలం కాదు, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అధ్యాపక ఉద్యోగం. మన భాషల్లో ఇది మినహాయింపు కాదు, ఇదే నియమం. 2025 మేలో అంతర్జాతీయ బుకర్ అందుకున్న కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ హాసన్‌లో న్యాయవాది. అంతకు ముందు 'లంకేశ్ పత్రికె' విలేకరి. విశాఖ కోర్టుల్లో నల్లకోటు వేసుకోకపోతే రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' రాసేవారా అన్నది అనుమానమే. కాళీపట్నం రామారావు అదే ఊళ్లో లెక్కల మాస్టారు. ఉద్యోగం రచయిత సమయాన్ని మింగేస్తుందన్న ఫిర్యాదులో నిజముంది. కానీ వీరికి మనుషుల్ని, వాళ్ల మాట తీరును, కథకు కావలసిన చిక్కుముడులను అందించింది కూడా ఆ కొలువే. నెలాఖరు బెంగ లేనివాడికే కథను పక్కన పెట్టి, మళ్లీ తీసి, కొట్టేసి, తిరగరాసే తీరిక.

ఆ తీరిక విలువ బాను ముష్తాక్ పుస్తకంలో కనిపిస్తుంది. 'హార్ట్ ల్యాంప్'లో ఉన్నవి 12 కథలే. అవి 1990 నుంచి 2023 దాకా, మూడు దశాబ్దాలకు పైగా రాసినవి. వాటిని ఎంచి ఇంగ్లిష్ చేసింది దీపా భాస్తి. 50 వేల పౌండ్ల బహుమతిని ఇద్దరూ సమానంగా పంచుకున్నారు. 2022లో గీతాంజలి శ్రీ హిందీ నవలకు అదే బహుమతి వచ్చినప్పుడూ సగం అనువాదకురాలు డైసీ రాక్‌వెల్‌దే. తన భాష హద్దు దాటాలంటే రచయితకు మరో సృజనకారుడి తోడు తప్పనిసరి అని దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగులో రాతే జీవనోపాధి అయిన కాలం లేకపోలేదు. 1970, 80 దశకాల్లో వారపత్రికల సీరియళ్ల కోసం పాఠకులు ఎదురుచూసేవారు. సర్క్యులేషన్‌ను శాసించిన రచయితలూ ఉన్నారు. ఛార్టర్డ్ అకౌంటెంట్ అయిన యండమూరి వీరేంద్రనాథ్ ఇంటింటా పేరైంది ఆ ఊపులోనే. తర్వాత టీవీ వచ్చి ఆ సాయంత్రాలను ఎత్తుకుపోయింది. 1978లో మొదలై నెలకో నవల అందించిన 'చతుర', దాని జంట పత్రిక 'విపుల' 2021లో ఆగిపోయాయి. ఇవాళ తెలుగులో కథల సంపుటి తేవాలంటే తరచూ రచయితే పెట్టుబడిదారు. అచ్చు ఖర్చు తనది, మిగిలిన ప్రతులు పేర్చుకునే అటకా తనదే.

మరి రచయిత చేతిలో ఏమీ లేదా? ఉంది. అది 1957 నాటి కాపీరైట్ చట్టం. ప్రచురణకర్తకు హక్కులు బదలాయించాలంటే రాతపూర్వక పత్రం, దానిపై సంతకం ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో పేర్కొనాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లనే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. బదలాయించిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో మరోలా లేనంతవరకు, అది రద్దయినట్లే. కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఇవాళ చేసే సంతకం మనవల దాకా వెళ్తుంది.

అయినా మన దగ్గర పుస్తకాల బేరం చాలావరకు నోటిమాట మీద, మొహమాటం మీద నడుస్తుంది. సరస్వతిని అమ్ముకుంటామా అన్న సంకోచం ఒకటి. అచ్చయితే అదే పదివేలన్న ఆత్రం మరొకటి. ఏ ఏడాది ఎన్ని ప్రతులు వేశారో, ఎన్ని అమ్మారో అడగడాన్ని అవతలివారు అపనమ్మకంగా, రచయిత అమర్యాదగా భావించినంత కాలం లెక్క తేలదు. ఆడియో పుస్తకాలు, ఈ-పుస్తకాలు, వెబ్ సిరీస్‌లు వచ్చాక ఒక్కో కథకు హక్కులు నాలుగైదు పాయలయ్యాయి. 'సర్వహక్కులూ' అన్న ఒక్క మాటతో అవన్నీ చేజారిపోతాయి.

కథానిలయం పేరుతో 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు కట్టిన కాళీపట్నం తాను రాసింది తక్కువే. రాసింది నిలబడాలన్నదే ఆయన పట్టుదల. కొత్తగా కలం పట్టేవారికి అంతకంటే మంచి బడి ఉండదు. అయితే కథకు చివరి చుక్క పెట్టడంతో రచయిత పని పూర్తికాదు. ఆ తర్వాత ఒప్పందం కాగితం వస్తుంది. కథను పదిసార్లు చదివి దిద్దుకునే మనిషి ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా చదవకపోతే, అచ్చుతప్పు ఖరీదు జీవితాంతం చెల్లించాలి.